చిన్న కారు, అగ్గిపెట్టె పరీక్ష

2003 మార్చిలో నన్ను జబల్‌పూర్ నుంచి ఢిల్లీ కంటోన్మెంటులోని ఒక సైనిక వర్క్‌షాపుకు బదిలీ చేశారు. అప్పటికి నా హోదా సుబేదార్. సిపాయిగా చేరి మెట్టు మెట్టుగా ఎక్కినవాడు అందుకోగల మూడు జూనియర్ కమిషన్డ్ హోదాల్లో అది నడిమిది. పైన ఉన్న ఆఫీసర్లు మమ్మల్ని 'సాబ్' అంటారు. కింద ఉన్న జవాన్లూ 'సాబ్' అనే అంటారు. రెండు వైపుల నుంచీ గౌరవం, రెండు వైపుల నుంచీ పని.

నాకు అప్పగించింది తనిఖీ విభాగం. పని వినడానికి తేలిక. యూనిట్ల నుంచి జీపులు, ట్రక్కులు వస్తాయి. వాటిని విప్పకుండా కిందా మీదా చూసి, విని, నడిపి, బాగు చేయదగ్గదా కాదా తేల్చి సంతకం పెట్టాలి. బాగు చేయడానికయ్యే ఖర్చు బండి విలువను మించేటట్టుంటే దాని మీద 'బి.ఇ.ఆర్.' అని రాస్తాం. ఆ మూడక్షరాలు పడ్డాయంటే ఆ బండికి సైన్యంతో ఋణం తీరిపోయినట్టే. ఈ పని నాకు నేర్పిన ఉస్తాద్ ఒక గఢ్వాలీ. సైన్యంలో పని నేర్పేవాణ్ని ఉస్తాద్ అంటారు. బండి ఎవరిదని అడక్కుండా తనిఖీ మొదలుపెట్టమనేవాడు ఆయన. కర్నల్ గారి జీపని ముందే తెలిస్తే చెవులు సరిగా పని చేయవట. ఆయన పెట్టిన రెండో నియమం, బండి రిపోర్టులో డ్రైవరు ఊసు రాకూడదని. డ్రైవరు సంగతి తేల్చడానికి వేరే పరీక్ష ఉంది, దానికి వేరే సంతకం ఉంది. ఈ రెండు నియమాలు పట్టుకుని నా ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను.

ఢిల్లీలో చేరిన కొద్ది నెలలకే నా ఆదివారాలు నావి కాకుండా పోయాయి. జనక్‌పురిలో, ద్వారకలో, ఆర్కే పురం క్వార్టర్లలో మన తెలుగువాళ్లు చాలామంది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండేవారు. స్కూటరు మీద నలుగురు సర్దుకుని వెళ్లే రోజులు పోయి, ఇంటికో కారుండాలనే కోరిక అప్పుడే మొదలైంది. కొత్తది కొనే స్తోమత అందరికీ లేదు. అందుకని పాత చిన్న కారు. కంటోన్మెంటులో మనవాడొకడున్నాడు, బానెట్ మీద చెయ్యేస్తే బండి జాతకం చెప్పేస్తాడని ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట పాకిపోయింది. ఆదివారం పొద్దున్నే ఎవరో ఒకరు మా క్వార్టరు ముందు నిలబడేవారు. మా ఆవిడ కాఫీ ఇచ్చి పంపిస్తూ, "ఊళ్లో ఏ బండిలో నూనె కారినా ఈయనకి వినపడుతుంది. మా వంటింటి కుళాయి కారితే మటుకు వినపడదు," అనేది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

వాళ్లు చూపించే బళ్లు దాదాపు అన్నీ ఒకటే రకం. అప్పట్లో ఢిల్లీలో ఏ వీధి తిరిగినా ఎదురయ్యే ఎనిమిది వందల సీసీ చిన్న కారు. మూడు సిలిండర్లు, కార్బురేటరు, చలిలో లాగడానికి ఒక చోక్ మీట. ఏసీ ఉంటే ఎండాకాలంలో ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని ఆపుకోవాలి. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ట్రక్కులతో కాపురం చేసిన నాకు మొదట్లో అది బొమ్మలా కనిపించింది. పోను పోను ఇష్టం పెరిగింది. విప్పడం తేలిక, బిగించడం తేలిక, ఏ సందులోనైనా దానికి స్పేరు పార్టు దొరికేది. ఇప్పుడు ఎప్పుడైనా రోడ్డు మీద ఒకటి కనిపిస్తే, అది మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను.

మా జవాన్లు ఈ కార్లు కొనేటప్పుడు చేసే పొరపాటు ఒకటుండేది. అది బయటివాళ్లు చేయరు. సైన్యంలో వార్షిక తనిఖీ ముందు ప్రతి బండికీ రంగు వేస్తాం. తాజా రంగు అంటే మాకు, బండిని ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారని అర్థం. బయట బజారులో తాజా రంగుకు అర్థం వేరు. దెబ్బ తిన్నదేదో దాని కింద ఉంటుంది. రంగు చూసి మురిసిపోయి, పెళ్లికూతురిలా మెరిసే బండిని తెచ్చుకుని, నెల తిరక్కుండా నెత్తి కొట్టుకున్న మావాళ్లు చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయే సంగతిలో ఈ విషయం ఒకసారి పనికొస్తుంది.

నాయబ్ సుబేదార్ అప్పలనాయుడు అంతకు ముందు పోస్టింగులో నా కింద పని నేర్చుకున్నవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. అతని పని రికవరీ. అంటే కొండ దారుల్లో లోయలోకి జారిపోయిన సైనిక వాహనాలను క్రేన్ బండితో, ఇనుప తాళ్లతో పైకి లాగడం. 2004లో అతన్ని సిక్కిం కొండల్లోకి వేశారు. అక్కడికి కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేదు గనుక భార్య సత్యవతి, పదకొండేళ్ల కూతురు హరిత ఢిల్లీ కంటోన్మెంటులో, భర్తలు సరిహద్దుల్లో ఉన్న కుటుంబాలకిచ్చే క్వార్టర్లలో ఉండేవారు. మా ఇంటికి నాలుగు వీధుల దూరం. నన్ను ఆమె అన్నయ్యగారూ అని పిలిచేది.

ఆ ఏడు వర్షాకాలంలో హరిత స్కూలు మెట్ల మీద నుంచి పడి మోకాలు విరగ్గొట్టుకుంది. సైనిక ఆసుపత్రిలో ఆపరేషను బాగానే జరిగింది. తర్వాత మోకాలు వంగడం లేదు. పిల్లను నీళ్లలో నిలబెట్టి వ్యాయామం చేయించాలని, అటువంటి తొట్టి నోయిడాలో ఒక ప్రైవేటు కేంద్రంలో ఉందని డాక్టరు చెప్పారు. వారానికి మూడుసార్లు వెళ్లాలి. ఎముక అతుక్కున్న మొదటి నెలల్లోనే వంచాలి, ఆలస్యమైతే కాలు అలాగే బిగుసుకుపోతుందని కూడా స్పష్టంగానే చెప్పారు.

నోయిడాకు అప్పటికింకా మెట్రో లేదు. నోయిడా ఉత్తరప్రదేశ్‌లో ఉంది గనుక ఢిల్లీ ఆటోలు సరిహద్దు దాటేవి కావు. సరిహద్దు దగ్గర దింపేసి వెళ్లిపోతారు. కర్ర పట్టుకున్న పిల్లను నడిపించుకుంటూ అవతలికి వెళ్లి అక్కడి ఆటో ఎక్కాలి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. బస్సు మెట్టు పిల్ల ఎక్కలేదు. యూనిట్ బండి అత్యవసరమైతే ఇస్తారు గాని, వారానికి మూడు రోజులు నెలల తరబడి ఎవరిస్తారు? ఇలా తంటాలు పడి మొదటి నెల సత్యవతి సగం రోజులు కూడా తీసుకెళ్లలేకపోయింది.

నవంబరు చివర్లో ఒక సాయంత్రం ఆమె మా ఇంటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నయ్యగారూ, నేనో కారు చూసీసానండి. జనక్‌పురిలో ఉంది. మీరొకసారొచ్చి, కొనొచ్చో లేదో చెప్పీయండి."

నడిపేదెవరని అడిగాను. నేనేనని చెప్పి పర్సులోంచి డ్రైవింగు లైసెన్సు తీసి చూపించింది. పిల్ల స్కూలుకెళ్లే వేళల్లో వేసవిలోనే నేర్చుకుందట. భర్తకు ఉత్తరంలో రాస్తే, ఆ కాగితం దాచిపెట్టు, రోడ్డెక్కకు అని జవాబొచ్చిందట. ఆదివారం వస్తానని మాటిచ్చాను.

రెండు రోజులకు వర్క్‌షాపు టెలిఫోనుకు సిక్కిం నుంచి అప్పలనాయుడి పిలుపొచ్చింది. సైనిక లైన్లలో మాట్లాడాలంటే మధ్యలో రెండు మూడు ఎక్స్‌ఛేంజీలు కలపాలి, గట్టిగా అరవాలి. అతను యోగక్షేమాలు కూడా అడగలేదు.

"సాబ్, అది చూపించే కారు ఏదైనా సరే, బాగోలేదని చెప్పీయండి. నా మాట వినదు. మీ మాటైతే వింటాది."

ధౌలాకువా నుంచి రింగు రోడ్డు మీదుగా, ఆశ్రమ్ చౌరస్తా దాటి నోయిడా. ఢిల్లీలో పుట్టి పెరిగిన డ్రైవర్లే ఆ దారిలో నోటికొచ్చిన దేవుళ్లందరినీ తలుచుకునేవారు. అతని భయం నాకు అర్థమైంది. చూద్దాంలే అన్నాను. సైన్యంలో పైవాడు 'చూద్దాం' అంటే కిందివాడు తనకు కావలసినట్టు అర్థం చేసుకుంటాడు. అప్పలనాయుడు థాంక్స్ చెప్పి పెట్టేశాడు.

దాచడమెందుకు, ఆ కారు నిజంగానే పాడైపోయి ఉంటే బాగుండునని నేనూ అనుకున్నాను. అప్పుడు నేను అబద్ధం చెప్పక్కర్లేదు, వాళ్లిద్దరి మధ్యా ఇరుక్కోనక్కర్లేదు.

ఆదివారం పొగమంచు ఇంకా విడవలేదు. సత్యవతి, హరిత, నేను ఆటోలో జనక్‌పురి వెళ్లాం. కారు యజమాని భాటియాజీ ప్రభుత్వ కార్యాలయంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. చూపు తగ్గి, ఎదురుగా వచ్చే బళ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుని కనిపిస్తున్నాయని అమ్మేస్తున్నాడు. కారు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. తెల్లరంగు మీగడ రంగులోకి తిరిగిపోయింది. ఎడమ తలుపు మీద సొట్ట, కొత్త రంగు లేదు, పాలిష్ లేదు. చూడగానే కొనాలనిపించే బండి కాదు. నా మనసులో కొంచెం ఆశ పుట్టింది.

ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించాను. మంచు ముద్దలా ఉంది. అమ్మేవాళ్లు సాధారణంగా కొనేవాడు వచ్చేలోపు ఇంజనును ఒకసారి వేడి చేసి పెడతారు. అప్పుడు స్టార్టింగులో ఉన్న లోపం బయటపడదు. భాటియాజీ ముఖం చూశాను. ఆయన సత్యవతి వైపు చెయ్యి చూపించాడు.

"ఈమే రాత్రి ఫోన్ చేసి చెప్పింది, మేం వచ్చేదాకా తాళం తిప్పొద్దు అంకుల్‌జీ అని."

నీకెవరు చెప్పారమ్మా ఈ సంగతి అని అడిగాను. మా ఆయనేనంది. "పెళ్లైన కాడ్నించీ అన్నం తింటూ ఆయన చెప్పే కబుర్లు ఇవే కదండీ. ఇంకేటి మాట్లాడతారు?" దీనికి ముందు మూడు కార్లు చూసి తనే వద్దనుకుందట. మూడూ తళతళలాడుతున్నాయి. మొదటిదానికి అద్దాల చుట్టూ ఉండే రబ్బరు అంచు మీద కూడా రంగు పడి ఉంది. రెండోదాని డిక్కీలో స్టెప్నీ తీసి చూస్తే కింద రేకు ముడతలు పడి అతుకుంది. మూడోదాని మీటరు చూస్తే బండి అసలు తిరగనట్టే ఉంది, క్లచ్ పెడలు రబ్బరు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది. ఈ మూడూ నేను అప్పలనాయుడికి నేర్పినవే. అతని నోటి నుంచి విని ఆమె నేర్చుకుంది. మా జవాన్లు పడే రంగు మోసంలో ఆమె పడలేదు. నాకు గర్వంగానూ అనిపించింది, చిరాకుగానూ అనిపించింది.

పని మొదలుపెట్టాను. తలుపులు, బానెట్ బిగించిన బోల్టుల తలలు చూశాను. స్పానరు పెట్టిన గీతలు లేవు, అంటే ఎవరూ విప్పి మార్చలేదు. కింద చాపలెత్తి నేల రేకు తడిమాను, వాననీళ్లలో మునిగిన బండైతే అక్కడ తుప్పు పొరలుగా లేస్తుంది. లేదు. ఇంజను ఆయిలు మూత తీసి లోపల వేలు పెట్టి తిప్పాను. లోపల నీళ్లు కలుస్తుంటే మూతకి వెన్నలాంటి తెల్లటి నురుగు అంటుకుంటుంది. అదీ లేదు. ఆ తర్వాత చోక్ లాగి తాళం తిప్పమన్నాను. రెండోసారికి అందుకుంది. సైలెన్సరు దగ్గర వెనక చేతి రుమాలు పట్టుకుని కూర్చున్నాను. నీలం పొగ వస్తే ఇంజను నూనె తాగుతున్నట్టు, నల్ల పొగ వస్తే పెట్రోలు వృథా అవుతున్నట్టు. చలికి తెల్లటి ఆవిరి వచ్చి కాసేపట్లో ఆగిపోయింది. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజనుకి, ఒక కొన చెవి వెనక ఎముకకి ఆనించి విన్నాను. మూడు సిలిండర్ల బండి నిలబడి ఉన్నప్పుడు కొంచెం వణుకుతుంది, అది దాని స్వభావం. లోపల తట్టినట్టు శబ్దమేమీ లేదు. హ్యాండ్ బ్రేకు లాగి, మూడో గేరులో వేసి క్లచ్ వదిలాను. క్లచ్ బాగుంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోవాలి. ఆగిపోయింది.

అయినా వదల్లేదు. బండి కింద గోనెసంచి పరుచుకుని పడుకున్నాను. చక్రాలు ఊపాను. జనక్‌పురి సందుల్లో తిప్పాను, గుంతల్లో దింపాను, ఖాళీ జాగాలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి గుండ్రంగా నడిపాను. నా ఉద్యోగంలో ఏ బండిలోనూ అంత పట్టుదలగా తప్పు వెతకలేదు. తిరిగొచ్చేసరికి భాటియాజీ టీ గ్లాసు అందిస్తూ అడిగాడు.

"సుబేదార్ సాబ్, గాడీ ఖరీద్ రహే హైఁ యా దుష్మన్ పకడ్ రహే హైఁ?"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కారు కొంటున్నారా, శత్రువును పట్టుకుంటున్నారా అని ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. నేను పట్టుకున్న నేరాలు మూడే. సైలెన్సరుకు చిన్న చిల్లు. పూర్తిగా మలుపు తిప్పినప్పుడు ముందు కుడి చక్రం దగ్గర కటకటమనే ఇరుసు కీలు. ముసలిదైపోయిన బ్యాటరీ. మూడూ మార్చుకుంటే పోయేవే. ఎడమ తలుపు సొట్ట గురించి అడిగితే, తన గేటుకు తనే గుద్దానని భాటియాజీ ఒప్పుకున్నాడు. చూపు తగ్గిందని ఆ రోజే తెలిసిందట.

సత్యవతి నన్నే చూస్తోంది. హరిత గేటు పక్కన అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. ఢిల్లీ పిల్లలందరిలాగే దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

"అంకుల్, పాస్ హో గయీ క్యా?"

బండి పాసైందా అని దాని ప్రశ్న. నేను చెప్పేలోపే సత్యవతి గొంతు తగ్గించి అంది, "మీకు ఆయన ఫోన్ చేసుంటారు. బాగోలేదని చెప్పీయమనుంటారు. నాకు తెలుసండి. మీరలా చెప్తే నేనింకేటీ అడగను, కొననూ కొనను. కానీ నిజంగా బాగోపోతేనే చెప్పండి అన్నయ్యా."

గఢ్వాలీ ఉస్తాద్ గుర్తొచ్చాడు. బండి ఎవరిదో, ఎవరు కొంటున్నారో, ఎవరు వద్దంటున్నారో నా పని కాదు. బండి బాగుందమ్మా, కొనదగ్గదే, మూడు రిపేర్లు చేయించుకోవాలి అని చెప్పాను. ఆమె చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. అయితే బేరం ఒక వారం ఆపమని భాటియాజీని అడిగాను. ఆయన సరేనన్నాడు. అప్పలనాయుడికి నేను చెప్పకుండా బండి కదలడం నాకిష్టం లేదు.

మర్నాడు సిక్కింకు లైను కలిపించాను. రిపోర్టు చదివినట్టే చెప్పాను. వాహనం ఫిట్. ఇంజను, క్లచ్, బ్రేకు, బాడీ సరిగా ఉన్నాయి. చిన్న మరమ్మతులు మూడు.

"సాబ్," అన్నాడు, "నేను లోయల్లోంచి పైకి తీసినవన్నీ ఫిట్ బళ్లే."

రికవరీవాడు బండి ఒక్కదాన్నే తియ్యడు. అంతకు ముందు అందులోంచి మనుషుల్ని ఏ స్థితిలో తీస్తారో అతను చూస్తాడు. నేను చూసిన బళ్లన్నీ వర్క్‌షాపు నేల మీద, నాలుగు చక్రాల మీద నిలబడ్డవి. అతను చూసినవి తలకిందులైనవి. భార్యను, బిడ్డను అతను ఆ కళ్లతోనే ఊహించుకుంటున్నాడు. నాకు అతని మీద జాలేసింది. పెళ్లానికి అడ్డం పడుతున్న మొగుడని అప్పటిదాకా నా మనసులో ఉన్న చిన్నచూపు పోయింది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆలోచించాను. ఉస్తాద్ రెండో నియమం నన్ను అక్కడ ఆదుకుంది. బండి రిపోర్టులో డ్రైవరు ఊసు ఉండకూడదు. కానీ డ్రైవరు పరీక్ష లేకుండా బండిని రోడ్డు మీదికి వదలమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. సత్యవతి దగ్గర లైసెన్సు ఉందన్న మాట నిజమే. ఆ రోజుల్లో లైసెన్సు ఎలా వచ్చేదో అందరికీ తెలుసు. మా వర్క్‌షాపులో డ్రైవర్ల పరీక్ష పెట్టే అధికారం కూడా నాకుంది. అందులో అందరికీ హడలు పుట్టించేది అగ్గిపెట్టె పరీక్ష. ఎత్తు మీద బండి ఆపిస్తాం. వెనక చక్రానికి వెనక వైపున ఆనించి ఖాళీ అగ్గిపెట్టె పెడతాం. బండిని ముందుకు కదిలించాలి, అగ్గిపెట్టె నలగకూడదు. ఇంజను ఆగిపోకూడదు. క్లచ్, బ్రేకు, యాక్సిలరేటరు మూడూ కాళ్లకు అలవాటైపోయి, మెదడుతో పని లేనప్పుడే అది సాధ్యమవుతుంది.

అదే మాట సత్యవతికి చెప్పాను. అగ్గిపెట్టె నలగని రోజున కారు కొనుక్కో, నోయిడా వెళ్లు. ఆ సంగతి మీ ఆయనకు నేనే చెప్తాను. అంతవరకు ఆగు. హరితకు కాలం దాటిపోతోందని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. ఎన్నాళ్లు పడుతుందో ఇద్దరికీ తెలియదు.

భాటియాజీ మంచితనం ఇక్కడ చెప్పాలి. ఇంకా అమ్మని కారును, పరీక్ష కోసం వాడుకోమని ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోక, బిటియా ఎలా నడుపుతుందో చూస్తానని వెనక సీట్లో తనూ ఎక్కాడు. ఆదివారం పొద్దున్నే ద్వారక వెళ్లేవాళ్లం. అప్పటికి ద్వారక సెక్టార్లు సగం ఖాళీ. ఆ వెడల్పు రోడ్ల మీద పొద్దుటి పూట కుక్కలు తప్ప ఏమీ ఉండేవి కావు. అక్కడ కొత్తగా కట్టిన ఒక వంతెన ఎత్తు మా పరీక్ష స్థలం. హరిత రోడ్డు పక్కన కాలు చాపుకుని కూర్చుని, అగ్గిపెట్టె కాపలా కాసేది.

మొదటి ఆదివారం అగ్గిపెట్టె అప్పడమైంది. రెండోసారి బండి వెనక్కి జారలేదు గాని ఇంజను ఆగిపోయింది. మూడోసారికి సత్యవతి స్టీరింగు మీద తల పెట్టేసింది.

"నా వల్ల కాదండి. ఆయన చెప్పిందే నిజం."

నేను ఓదార్చే మనిషిని కాను. ట్రక్కు డ్రైవర్లతో మాట్లాడినట్టే మాట్లాడాను. కాదనుకుంటే దిగిపో, ఆటో పిలుస్తానన్నాను. భాటియాజీ నన్ను కోపంగా చూశాడు. ఆమె దిగలేదు.

తర్వాతి వారాల్లో సాయంత్రాలు వీలైనప్పుడల్లా జనక్‌పురి వెళ్లి భాటియాజీ కారు తీసి నడిపేది. నేను మధ్యలో అడగలేదు. ఇంతలో ఆటోల్లో పడుతూ లేస్తూ హరితను నోయిడా తీసుకెళ్తూనే ఉంది. జనవరిలో, మంచు విపరీతంగా పట్టిన ఒక ఆదివారం, మళ్లీ వంతెన దగ్గరికి వెళ్లాం. అగ్గిపెట్టె పెట్టాను. ఇంజను స్వరం కొంచెం పెరిగింది, ముందు భాగం కొంచెం ఎత్తినట్టయింది, బండి అలవోకగా పైకి వెళ్లిపోయింది. చక్రం ఉన్న చోట అగ్గిపెట్టె అలాగే ఉంది. అదృష్టమై ఉండొచ్చని ఇంకోసారి చేయించాను, మళ్లీ చేయించాను. చివరికి హరిత కర్ర ఊతంతో లేచి, అగ్గిపెట్టె తీసుకుని నాకివ్వకుండా జేబులో వేసుకుంది.

"బస్ అంకుల్, అబ్ ఔర్ నహీఁ."

ఇక చాలంది. ఆ సాయంత్రమే భాటియాజీ కాగితాల మీద సంతకం పెట్టాడు. మరమ్మతులు మూడూ నేను దగ్గరుండి చేయించాను. ఆ కారులో మొదటిసారి నోయిడా వెళ్లిన రోజున నేను సెలవు పెట్టి ఎడమ సీట్లో కూర్చున్నాను. ఆశ్రమ్ దగ్గర ఒక బస్సు మా మీదికి వాలినట్టు వచ్చింది. ఆమె హారను కొట్టలేదు, తిట్టలేదు, వేగం తగ్గించి దాన్ని పోనిచ్చింది. అప్పుడు నాకు బెంగ తీరింది. ఆ సాయంత్రం సిక్కింకు ఫోను చేసి, అగ్గిపెట్టె పరీక్ష పాసైంది, డ్రైవరు కూడా ఫిట్ అని చెప్పాను. అప్పలనాయుడు ఊఁ అన్నాడు. నమ్మలేదని ఆ ఊఁలోనే తెలిసింది.

ఏప్రిల్లో అతనికి సెలవు దొరికింది. న్యూఢిల్లీ స్టేషనుకు సత్యవతి కారు తీసుకుని వెళ్తూ, అన్నయ్యా మీరూ రండి, దారిలో గొడవైతే మీరే చూసుకోవాలి అని నన్ను ఎక్కించుకుంది. అప్పలనాయుడు ట్రంకు పెట్టె డిక్కీలో పడేసి, కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. అలవాటు కొద్దీ బానెట్ మీద చెయ్యేశాడు. తర్వాత భార్య పక్కన కూర్చున్నాడు. కంటోన్మెంటు చేరేదాకా తన కాళ్ల దగ్గర లేని బ్రేకును తొక్కుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక నా వైపు తిరిగాడు. "సాబ్, సిటీలో నడపడం వేరండి. అగ్గిపెట్టె పరీక్ష మీరు సరిగానే పెట్టారా? నేనోసారి చూడాల."

హరిత లోపలికెళ్లి పుస్తకాల బ్యాగులోంచి అగ్గిపెట్టె తెచ్చింది. అప్పటికి దాని చేతిలో కర్ర లేదు, కొంచెం కుంటు మాత్రం మిగిలింది. నలుగురం మళ్లీ ద్వారక వంతెన దగ్గరికి వెళ్లాం. సత్యవతి బండిని ఎత్తు మీద ఆపింది. హ్యాండ్ బ్రేకు లాగి, తలుపు తీసుకుని కిందికి దిగింది.

"ముందు మీరు చెయ్యండి. మీరెలా చేస్తారో చూసి నేను చేస్తాను."

ఉద్యోగంలో సగం లోయల అంచున క్రేన్ బండి నడిపిన మనిషి. నవ్వి కూర్చున్నాడు. హరిత అగ్గిపెట్టె పెట్టింది. క్రేన్ బండి క్లచ్ తొక్కాలంటే బలమంతా పెట్టాలి. ఈ చిన్న కారు క్లచ్ మునివేళ్లకు లొంగుతుంది. ఆ కాలికి ఈ సున్నితం తెలియదు. బండి ఒక్కసారి ఎగిరి, ఇంజను ఆగి, వెనక్కి జారింది. చక్రం కింద అగ్గిపెట్టె చిన్నగా చిట్లిన శబ్దం నాకు వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. హరిత కూడా నవ్వలేదు. అప్పలనాయుడు బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగాడు. తర్వాత కిందికి దిగి, వెనక చక్రం దగ్గర వంగి చూసి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు.

"తియ్యి సత్తీ, ఇంటికెళదాం," అన్నాడు.

ఆమె బండిని ఎత్తు మీద నుంచే ముందుకు తీసింది. వెనక్కి జారలేదు. ఇంటిదాకా అతని కాళ్లు కదలలేదు. వెనక సీట్లో కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పాత కారు కొనొచ్చా అని అడిగినవాళ్లకు నేను ముందు బండి చూసి బండి సంగతి మాత్రమే చెప్పేవాణ్ని. నడిపేదెవరు, ఏ దారిన అని ఆ తర్వాత అడిగేవాణ్ని. వీలైతే వాళ్ల పక్కన కూర్చుని ఒకసారి తిరిగి వచ్చేవాణ్ని. మంచి బండిని డ్రైవరు మీద భయంతో చెడ్డదని చెప్పకూడదు. మంచి బండి కదా అని ఆ భయాన్ని కొట్టిపారేయనూ కూడదు. రెంటికీ వేర్వేరు పరీక్షలున్నాయి. రెండూ పెట్టాకే సంతకం చేయాలి.